పిల్లిపీచర అని చెప్పాను

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. ఇద్దరిదీ నా సబ్జెక్టే, వృక్షశాస్త్రం. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా రాసివ్వండి. మా పిల్లలకు చదివి వినిపిస్తాం" అని అడిగారు. ఏ సన్మానం గురించో, ఏ విహారయాత్ర గురించో రాస్తాననుకుని ఉంటారు. సరేనని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కానీ కూర్చోలేకపోయాను. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరగడం, మళ్లీ వచ్చి ఆ నాలుగు వాక్యాలూ కొట్టేయడం. రాయాల్సింది ఒక్క రోజు గురించే. ఆ రోజు సంగతి ఇంతవరకూ ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పిల్లలకు చదివి వినిపిస్తారో లేదో మీ ఇష్టం.

నేను పనిచేసిన డిగ్రీ కాలేజీ హైవే పక్కన ఒక చిన్న టౌన్లో ఉంది. బస్సెక్కితే ఒకవైపు గుంటూరు, రెండోవైపు ఒంగోలు. చుట్టూ మిరప, పత్తి. ఒంగోలు వైపు పోయేకొద్దీ పొగాకు. మొదటి సంవత్సరం పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠాల్లో వేరు రూపాంతరాలు ఒకటి. మొక్కకు వేరు చేసే మామూలు పని నేలను పట్టుకోవడం, నీళ్లు పీల్చడం. కొన్ని మొక్కల్లో వేరు ఇంకేదో పని కూడా మీదేసుకుని, దానికి తగ్గట్టు ఆకారమే మార్చుకుంటుంది. ముల్లంగిలో తిండి దాచిపెట్టే గది అవుతుంది. మినుములో బుడిపెలు కట్టి, సూక్ష్మజీవులకు చోటిచ్చి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. సముద్రం పక్క బురదలో పెరిగే మడచెట్టుకు కింద గాలి ఆడదు కాబట్టి వేరు పైకి, ఆకాశంలోకి మేకులా లేచి ఊపిరి తీసుకుంటుంది. బంగారు తీగ అయితే మిరప కొమ్మను చుట్టుకుని, సూదుల్లాంటి వేర్లు దానిలోకి దించి రసం తాగేస్తుంది. ఈ పాఠం నాకు నోటికొచ్చు. పుస్తకం తెరవకుండా, బోర్డు వైపు చూడకుండా చెప్పేదాన్ని. నాకు ముప్పు అక్కడే వచ్చింది.

ఈ నమూనాలన్నీ నాకు తెచ్చిపెట్టింది మా ల్యాబ్ అటెండరు. నా కంటే నాలుగేళ్లు చిన్న. పదో తరగతి తప్పాడు. నిజాంపట్నం వైపు వెళ్లి మోకాళ్ల లోతు బురదలో దిగి మడచెట్టు శ్వాసవేర్లు కోసుకొచ్చాడు ఒకసారి. వచ్చేటప్పుడు ఒక చెప్పు ఆ బురదలోనే ఉండిపోయిందట, రెండో చెప్పు చేత్తో పట్టుకుని బస్సు దిగాడు. పొగాకు చేలల్లో మొక్క వేరును పట్టుకుని బతికే పొగాకు మల్లెను, ఆ వేరూ ఈ వేరూ విడిపోకుండా మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చేవాడు. దానికి పుస్తకంలో ఉన్న పేరు అతనికి తెలియదు. ఏ చేలో, ఏ నెలలో, ఏ మూల దొరుకుతుందో తెలుసు. నాకు ఆ పుస్తకం పేరు మాత్రమే తెలుసు. ఇన్నేళ్లలో అతన్ని నేను "ఇదేంటో చెప్పు" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఇది తీసుకురా" అనేదాన్ని. తెచ్చేవాడు.

ఆ రోజు ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్ష. నేను రిటైరవ్వడానికి ఇంకా రెండేళ్లుంది. వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్‌గా ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు, దేనికీ సగం మార్కు కూడా ఎక్కువ వేయని చెయ్యి. ఆయన ముందు మా డిపార్ట్‌మెంటు పరువు నిలబెట్టాలని నాకు తాపత్రయం. బల్లమీద నమూనాలు వరసగా పెట్టించాను. పిల్లలు స్లైడ్లు చేస్తున్నారు. పదకొండు అయ్యుంటుంది, నా ఫోన్ మోగింది. వాట్సాప్‌లో ఫొటో, దానికింద మెసేజ్.

పంపింది మా టౌన్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు. మా కాలేజీలో ఇంటర్ కూడా ఉన్న రోజుల్లో నా దగ్గర చదువుకున్న అమ్మాయే. మెసేజ్ ఇలా ఉంది: "మేడమ్, మిరపకాయలు కోయడానికి వచ్చిన కూలీలు. తల్లీ కూతుళ్లు. రాత్రి ఈ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. తెల్లారుజాము నుంచి వాంతులు, విరేచనాలు. ఇప్పుడు తగ్గాయి. పిల్లిపీచర గడ్డలని అంటున్నారు. అవునా? విషం ఏమైనా ఉంటుందా? ఇంటికి పోతామని గొడవ చేస్తున్నారు."

ఫొటోలో స్టీలు పళ్లెం. అందులో తోలు తీసిన తెల్లటి ముక్కలు మూడు. ఒకదానికి మాత్రం ఒక చివర తోలు ఉంది. పిల్లిపీచర అంటే శతావరి. వేళ్లలా లావుగా గుత్తులు గుత్తులుగా ఉండే దుంపవేర్లు. మందుల్లో వాడతారు, ఉడకబెట్టుకుని తినేవాళ్లూ ఉన్నారు. అదే మొక్క వేర్లు నా బల్లమీద సీసాలో, నా చేతి రాతతో లేబుల్ అంటించి ఉన్నాయి. సీసా వైపు చూశాను, ఫొటో వైపు చూశాను. ఎంతసేపు? మీరు ఈ వాక్యం చదివినంతసేపు కూడా కాదు.

ఎగ్జామినర్ గారు తలెత్తి "ఏమైనా అర్జంటా అండీ?" అన్నారు.

"ఏం లేదు సార్. ఆసుపత్రి నుంచి. ఏదైనా మొక్క పోల్చుకోవాలంటే నన్నే అడుగుతారు" అన్నాను. ఆ మాట అనడంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని దాచుకోవడం ఎందుకు.

పక్కనే స్పిరిట్ దీపాలు సర్దుతున్న అటెండరు నా ఫోన్ వైపు మెడ సాచాడు. "ఏ గడ్డ మేడమ్? ఒకసారి చూడనా?"

"నువ్వు ఆ దీపం సంగతి చూడు. వత్తి మాడిపోతోంది" అన్నాను.

డాక్టరమ్మాయికి ఇలా రాశాను: "అవును. శతావరి. దుంపవేరు. విషం లేదు. సరిగ్గా ఉడకకపోతే కడుపులో తేడా చేయొచ్చు." ఆమె వెంటనే దణ్ణం పెట్టే బొమ్మ పంపింది. ఫోన్ పర్సులో వేసుకున్నాను.

భోజనాల తర్వాత వైవా. ఎగ్జామినర్ గారు ఒక్కొక్కళ్లనే పిలిచి ప్రశ్నలడుగుతున్నారు. ఒక అమ్మాయి వంతు వచ్చింది. బాగా భయస్థురాలు, అడిగినదానికి నేల చూస్తూ జవాబు చెప్పే రకం. ఆయన చిలగడదుంప చేతికిచ్చి "ఇది వేరా, కాండమా?" అన్నారు.

"వేరు సార్."

"బంగాళాదుంప?"

"కాండం సార్."

"రెండూ నేలలోనే ఉంటాయి, రెండూ లావుగానే ఉంటాయి. ఎట్లా చెబుతున్నావు?"

ఆ అమ్మాయి చేతిలో దుంప తిప్పి, "కాండానికి కణుపులు, మొగ్గలు ఉంటాయి సార్. వేరుకు ఉండవు. చివర చూడాలి" అంది.

చివర చూడాలి. ఆ మాట నేను చెప్పిందే. ఏటా చెప్పే మాటే. కానీ ఆ అమ్మాయి నోట వినగానే పొద్దుటి ఫొటో గుర్తొచ్చింది. ఫొటోలో ఆ ఒక్క ముక్కకు చివర తోలు ఉంది కదా, ఆ చివర ఎలా ఉంది? నాకు గుర్తు రాలేదు. అంటే చూడలేదన్నమాట.

పర్సులోంచి ఫోన్ తీశాను. వేళ్లతో ఫొటో పెద్దది చేశాను. తోలున్న ముక్క చివర సన్నగా, కోసుగా ఒక మొన ఉంది. దానికింద ఉంగరంలా ఒక గీత. ముక్క నిటారుగా లేదు, మధ్యలో మోచెయ్యిలా వంగి ఉంది. ఫోన్ పట్టుకుని అటెండరు దగ్గరికి వెళ్లాను. ఈసారి అతను అడగలేదు. నేనే చూపించాను.

అతను కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఇది పిల్లిపీచర కాదు మేడమ్. అడవినాభి."

"ఖాయమా?"

"కాలవగట్ల మీద కంపల్లో ఉండిద్ది. వానాకాలం ఎర్రగా, పసుపుగా మంట లాగా పూసిద్ది. ఇప్పుడు తీగ ఎండిపోయుండిద్ది, గడ్డ ఒక్కటే మిగిలిద్ది. మా నాయన పశువుల్ని అటు పోనిచ్చేవాడు కాదు. ఎవరన్నా తిన్నారా ఏంటి?"

నేను ఫోన్ వెనక్కి లాక్కున్నాను.

అడవినాభి గడ్డ వేరు కాదు, నేలలో పెరిగే కాండం. దాని కొసల్లో మొగ్గ ఉంటుంది. అందులో ఉండే విషం పేరు కాల్చిసిన్. వృక్షశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ ఈ పేరు తెలుసు. కణాలు రెండుగా చీలకుండా ఆపడానికి ప్రయోగశాలల్లో వాడతాం. ఆ పాఠం కూడా నేనే చెప్పేదాన్ని. కణాలు చీలడం ఆగిపోతే మొక్కకు ఏమవుతుందో బొమ్మలు వేసి చూపించేదాన్ని. మనిషికి ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు. పేగుల్లో, రక్తం తయారయ్యే మూలుగులో, వెంట్రుకల కుదుళ్లలో కణాలు రోజూ చీలుతూనే ఉండాలి. ముందు వాంతులవుతాయి. తర్వాత తగ్గినట్టు ఉంటుంది. మనిషి లేచి కూర్చుంటాడు, ఇంటికి పోతానంటాడు. అసలు దెబ్బ ఆ తర్వాత.

డాక్టరమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆసుపత్రి నంబరుకు చేస్తే ఎప్పుడూ ఎంగేజే. మెసేజ్ పెట్టాను. చూసిన గుర్తు రాలేదు. ల్యాబ్‌లో గోడ నుంచి గోడకు తిరుగుతున్నాను. పిల్లలు సూక్ష్మదర్శినుల మీంచి తలలెత్తి చూస్తున్నారు.

"సార్, నేను వెళ్లాలి" అన్నాను ఎగ్జామినర్ గారితో.

"పరీక్ష మధ్యలోనా? ఇంటర్నల్ ఎగ్జామినర్ లేకుండా నేనెలా జరిపించేది?"

"జువాలజీ మేడమ్ వచ్చి కూర్చుంటారు."

"రూల్ ఒప్పుకోదండీ."

"ఒప్పుకోదు సార్" అన్నాను. అప్పటికే చెప్పులు వేసుకున్నాను. దీనికి తర్వాత ప్రిన్సిపాల్ నుంచి మెమో వచ్చింది. 'వ్యక్తిగత కారణాలు' అని జవాబు రాశాను. నా సర్వీసు రిజిస్టర్లో ఆ రోజుకు మిగిలిన గుర్తు అదొక్కటే.

అటెండరు మోపెడ్ వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్లేసరికి రెండు దాటింది. డాక్టరమ్మాయి అప్పుడే కాన్పు చేసి గ్లౌజులు తీస్తూ బయటికొచ్చింది. నన్ను చూసి నవ్వింది. "థాంక్స్ మేడమ్. మీరు చెప్పాక ధైర్యం వచ్చింది. పన్నెండింటికి పంపించేశాను."

"అది శతావరి కాదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వు అలాగే ఉండిపోయింది. కాసేపటికి గానీ ముఖం మారలేదు. "మరేంటి?"

చెప్పాను. కాల్చిసిన్ అనగానే గోడకు చెయ్యి ఆన్చింది. ఆమెకూ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట మొదటి బెంచీలో కూర్చుని నేను చెప్పేదంతా రాసుకునే పిల్ల. నేను చెప్పాను కాబట్టి నమ్మింది.

"ఎంతమంది తిన్నారంటున్నారు?" అన్నాను.

"ఇక్కడికొచ్చింది ఇద్దరే, మార్కాపురం వైపువాళ్లు. అల్లుడు కూడా తిన్నాడట. అతనికి ఏమీ కాలేదని రాలేదు." గబగబా రిజిస్టరు తిప్పింది. ఊరి దగ్గర 'మార్టూరు అవతల మిరపతోట' అని ఉంది. ఫోన్ నంబరు వాళ్ల మేస్త్రీది. చేస్తే స్విచాఫ్. "నేను అంబులెన్స్‌కి చెబుతాను. పెద్దాసుపత్రికి కూడా ఫోన్ చేస్తాను. కానీ వాళ్లెక్కడున్నారో తెలియకుండా బండి ఎటు పంపను మేడమ్?"

"మేము వెతుకుతాం" అన్నాడు అటెండరు. నేను అనాల్సిన మాట.

ఆ మూడు గంటలు నా జీవితంలో అన్నిటికన్నా పొడుగు. మార్టూరు దగ్గర గ్రానైట్ రాళ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి, దాటడానికి దారివ్వవు. రోడ్డుకు అటూ ఇటూ పాలిషింగు యూనిట్ల తెల్లటి దుమ్ము. అది దాటితే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, కంటికి ఆనినంత దూరం ఎరుపు. గాలి అటునుంచి కొడితే ఇద్దరికీ ఒకటే దగ్గు. మోపెడ్ ఆపడం, దిగడం, అడగడం, ఎక్కడం.

"ఏ ముఠా అండీ? ఇక్కడ పది ముఠాలున్నాయి" అన్నాడు ఒక రైతు, గోనెసంచులు కుడుతూ.

"పడమటి నుంచి వచ్చినవాళ్లు. మార్కాపురం వైపు. ఒక పెద్దావిడ, కూతురు పొద్దున ఆసుపత్రికి వెళ్లారు."

"అందరూ పడమటోళ్లేనమ్మా. రోజూ ఎవురో ఒకళ్లు ఆసుపత్రికి పోతానే ఉంటారు."

రెండో కల్లంలో తెలియదన్నారు. మూడోచోట ఒకామె "నీలం పరదాలేసుకున్నోళ్లు గదా? కాలవ అవతల ఉన్నారు" అంది. కాలవ అవతలికి దారి లేదు. మళ్లీ వెనక్కి వచ్చి, వంతెన దాటి, పత్తికట్టె పేర్చిన గట్ల మధ్య నుంచి వెళ్లేసరికి అక్కడ మూడు రాళ్ల పొయ్యిలు, చల్లారిన బూడిద తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నమే పరదాలు పీకి ఇంకో చేనికి వెళ్లిపోయారు.

పొయ్యి పక్కన తవ్విన గుంట ఉంది. అటెండరు వంగి, మట్టిలో వదిలేసిన ఒక గడ్డను తీశాడు. నా చేతికిచ్చాడు. జానెడుంది. కొమ్ములా వంగి ఉంది. చివర మొగ్గ వేలికి తగిలింది. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది అది కాండమని. ఎంత తేలిక! నా చేతికి ఇచ్చి ఉంటే మొదటి సంవత్సరం పిల్లలైనా చెప్పేవాళ్లు. నా దాకా తెప్పించుకోవడానికి ఆసుపత్రికీ కాలేజీకీ మధ్య పది నిమిషాల దారి.

"మేడమ్, ఇక్కడ నిలబడితే పని కాదు" అన్నాడు అటెండరు మెల్లగా. "ఎక్కండి."

అయిదు కావొస్తుండగా దొరికారు. ఇంకో మూడు చేల అవతల, తాత్కాలికంగా వేసిన పరదా కింద పెద్దావిడ పడుకుని ఉంది. అరవై దాటి ఉంటాయి. కూతురు మిరపచేలో ఉంది. పొద్దున సెలైన్ ఎక్కించిన చేతికి దూది ప్లాస్టరు అలాగే ఉంది, ఆ చేత్తోనే కాయలు కోస్తోంది. అల్లుడు సంచులు మోస్తున్నాడు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చానని, వెంటనే మళ్లీ రావాలని చెప్పాను. కూతురు కొంగుతో చెమట తుడుచుకుంటూ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"పొద్దున డాక్టరమ్మే పొమ్మనింది గదా. ఏం పర్లేదనింది. ఇప్పుడు మళ్లీ రమ్మంటే ఎట్టా? ఒక పూట పని ఇప్పటికే పోయింది. అయినా మీరెవరు? డాక్టరా?"

"కాదమ్మా. కాలేజీలో పాఠాలు చెబుతాను."

"మరి మీకేంటి సంబంధం?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. 'పరీక్షలో తేలింది' అనొచ్చు. 'ఆసుపత్రివాళ్లు పొరబడ్డారు' అనొచ్చు. దారంతా మోపెడ్ మీద ఆ వాక్యాలు నాలోపల తయారవుతూనే ఉన్నాయి, నిజం చెప్పొద్దూ.

"మీరు తిన్నది పిల్లిపీచరేనా, ఏమైనా ప్రమాదమా అని డాక్టరమ్మ నన్నడిగింది. పిల్లిపీచరే, ఏమీ కాదని నేను చెప్పాను. తప్పు చెప్పాను. అది అడవినాభి. విషం. ఇప్పుడు బాగున్నట్టే ఉంటుంది గానీ లోపల పని చేస్తూ ఉంటుంది. తప్పు డాక్టరమ్మది కాదు, నాది" అన్నాను.

చేలో మిగతా ఆడవాళ్లు కోత ఆపి నిలబడ్డారు. పరదా కిందినుంచి పెద్దావిడ మోచేతి మీద లేచింది.

"నువ్వు చూసినావా తల్లీ నా గడ్డల్ని?"

"ఫోన్లో చూశానమ్మా."

"ఫోన్లో చూస్తే గడ్డ తెలుసుద్దా?"

వెంట తెచ్చిన గడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తిప్పి చూసింది. మొగ్గ దగ్గర బొటనవేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది.

"మా కొండల్లో గడ్డ గుత్తిగా వచ్చిద్ది. పదీ పన్నెండు ఒకే మొదట్లో" అంది, కూతురితో చెబుతున్నట్టు. "ఇది ఒంటిగా ఉంది. తీగ లేదు. నోట్లో పెట్టుకుంటే కాస్త చేదు తగిలింది. వేరే నేల గదా, అందుకని అనుకున్నా. ఆకలి మీద ఉన్నారు, తినండి అని నేనే పెట్టినా." తర్వాత నా వైపు తిరిగి, "నేనూ చూళ్లేదులేమ్మా. చేత్తో తవ్వి కూడా చూళ్లేదు" అంది.

ఆ మాట నన్ను క్షమించడానికి అందో, తనను తాను తిట్టుకోవడానికి అందో నాకు తెలియదు. ఏదైనా నాకు ఊరట కలగలేదు.

అటెండరు అప్పటికే గట్టుమీదికి పరుగెత్తి అంబులెన్సుకు దారి చెబుతున్నాడు. బండి చేలోకి రాలేదు. పెద్దావిడను అల్లుడు చేతుల మీద ఎత్తుకుని గట్టు వరకు నడిచాడు. కూతురు వెనక నడుస్తూ నా పక్కకొచ్చి, "మా అమ్మ ఎక్కువ తినింది. మిగిలినవన్నీ పారెయ్యడం ఎందుకని తినింది" అంది. అంతకుముందున్న కోపం ఆ గొంతులో లేదు. భయం ఉంది. కోపమే నయమనిపించింది.

ముగ్గుర్నీ పెద్దాసుపత్రిలో చేర్చారు. అల్లుడు రెండు ముక్కలే తిన్నాడు, మూడు రోజులకు తేరుకున్నాడు. కూతురికి రక్తంలో కణాలు పడిపోయి పదిరోజులు ఎటూ తేలకుండా ఉంది. పెద్దావిడకు మూడోరోజు నుంచి మూత్రం ఆగింది, ఊపిరి కష్టమైంది. అయిదోరోజు పొద్దున చనిపోయింది.

నేను రోజూ వెళ్లేదాన్ని. వెళ్లి ఏం చేస్తాను? వార్డు బయట వరండాలో నడిచేదాన్ని. డాక్టరమ్మాయి కూడా డ్యూటీ దిగాక వచ్చేది. ఒకరోజు నన్ను ఆపి, "మేడమ్, ఆ విషానికి సరైన విరుగుడు లేదు. ఆ పెద్దావిడ తిన్నదానికి, మీరు పదకొండింటికే సరిగ్గా చెప్పినా బతికేదని ఏ డాక్టరూ చెప్పలేడు" అంది.

"బతికేది కాదని చెప్పగలడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత, "నేనైనా ఒక రోజు ఉంచాల్సింది. మీ మెసేజ్ చూడగానే ఇంక ఆలోచించడం మానేశాను" అంది. తప్పును ఇద్దరం చెరొకవైపు పట్టుకుని లాక్కున్నట్టుంది ఆ సంభాషణ. ఎవరికీ పూర్తిగా దక్కలేదు.

రెండు వారాలకు కూతురి జుట్టు ఊడింది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. అలా జరుగుతుందని నాకు ముందే తెలుసు, చెప్పాను కూడా. అయినా చూసినప్పుడు తట్టుకోలేకపోయాను. ఆమె మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని, "జుట్టే గదా, వచ్చిద్దంటున్నారుగా" అంది. కొన్నాళ్లకు వాళ్ల ఊరు వెళ్లిపోయారు.

కాలేజీలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేదేమో. ఆ ఏడాది నుంచి కొత్త నమూనా ఏది వచ్చినా నేను ముందు అటెండరు చేతికిచ్చి "ఇదేంటి?" అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో అతను ఇబ్బందిపడేవాడు, నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుని. ఒకసారి మాత్రం, "ఆ రోజు నేను గట్టిగా అడిగి చూడాల్సింది మేడమ్. దీపం చూడమన్నారని ఊరుకున్నా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేను ఊరుకోమంటే ఊరుకున్న మనిషి. అతన్ని అలా తయారుచేసింది ఎవరో నాకు తెలియనిది కాదు.

మరుసటి ఏడు మిరప కోతలప్పుడు అటెండరు వచ్చి, ఆ ముఠా మళ్లీ వచ్చిందని చెప్పాడు. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు తిరిగాను. మూడోరోజు పొద్దున్నే అతని మోపెడ్ మీదే వెళ్లాను. పిల్లిపీచరకూ అడవినాభికీ తేడా కూలీలందరికీ చెబుదామని రెండూ చేతిసంచిలో పెట్టుకున్నాను. చార్టు కూడా గీసుకున్నాను, రంగులతో.

చేని గట్టున ముప్పైమంది దాకా ఆడవాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో ఆ పెద్దావిడ కూతురు. తల మీద వేలెడు జుట్టు, ఉంగరాలుగా. చేతిలో అప్పుడే తవ్విన అడవినాభి గడ్డ. నన్ను చూసింది, తల ఊపింది, మాట ఆపలేదు.

"దీన్ని చూడండి. కొమ్ములాగా ఉంది గదా. ఈ గట్లమీద దండిగా ఉన్నాయి. మా అమ్మ దీన్ని తినే పోయింది."

కొత్తగా వచ్చిన ఒక పిల్ల, "మన పిల్లిపీచర కూడా ఇట్టాగే ఉండిద్ది గదక్కా. ఉడకేసి ముక్కలు చేస్తే ఏది ఏదో ఎట్టా తెలిసిద్ది?" అని అడిగింది.

నేను సంచిలో చెయ్యి పెట్టాను. చార్టు తీయబోయాను. జవాబు నా దగ్గర ఉంది. కణుపులు, మొగ్గలు, గుత్తి, ఒంటిగడ్డ, అన్నీ వరసగా.

ఆ అమ్మాయి నా కంటే ముందే చెప్పేసింది. "తెలవదు. తెలవనప్పుడు తెలవదనుకో, తినమాకు. ఎవురు చెప్పినా తినమాకు."

ఎవరూ నా వైపు చూడలేదు. ఆమె కూడా చూడలేదు. గడ్డను రాయిమీద పెట్టి ఇంకో రాయితో నలగ్గొట్టి, గుంట తీసి పూడ్చి, చేతులు మట్టితో రుద్దుకుని నీళ్లతో కడుక్కుంది. "పదండి, ఎండెక్కిద్ది" అంటూ మొదటి సాలులోకి దిగింది. మిగతావాళ్లు ఆమె వెనక తలా ఒక సాలు పట్టుకున్నారు.

నేను చార్టు తీయలేదు. కోత మొదలయ్యేదాకా గట్టుమీదే నిలబడి చూశాను.